పరాయింటి ఆవకాయ

మా నాన్న నన్ను మరిచిపోయిన ఏడు నాకు పదేళ్ళు. మా మామిడితోట రసాల ఆఖరి కోత బండికెత్తుకుని పెదనాన్నా, నాన్నా బెజవాడ బయల్దేరారు. ఆగిరిపల్లి దాటాక వాగు పొంగింది. పెదనాన్న కొట్టుకుపోయాడు. మర్నాడు దొరికిన నాన్న ఎద్దు పలుపు పట్టుకుని గట్టున కూర్చుని ఉన్నాడట, వదలమంటే వదల్లేదట. నెల్లాళ్ళు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చేసరికి ఆయన బుర్రలో వాగూ లేదు, వెనకటి ఆరేళ్ళూ లేవు.

పొద్దున్నే లేచి "చంటిది లేచిందా?" అని అడిగేవాడు. "పడుకుందిలేరా" అనేది నాన్నమ్మ. తర్వాత నన్ను చూసి, "ఎవరి తాలూకమ్మా నువ్వు?" అనేవాడు, ఎంతో మర్యాదగా. ఆ చంటిదాన్ని నేనే. అయినా దాని మీద నాకు ఒళ్ళు మండేది. "నేనే నాన్నా చంటిని" అంటే నవ్వేసి, "అది ఇంతే ఉంటుందమ్మా" అని గాల్లో చెయ్యి పెట్టి చూపించేవాడు.

"అన్నయ్యేడి?" అంటే మాత్రం "తోటకెళ్ళాడు" అనాలని నాన్నమ్మ హుకుం. ఉన్నట్టుండి తెలిస్తే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడట. అందుకే పెద్దమ్మను చాట్రాయిలో పుట్టింటికి పంపేశారు. పలకరించడానికి వచ్చినవాళ్ళను అమ్మ వీధిలోంచే తిప్పి పంపేది.

నాకేమో ఏడుపుకన్నా ఆరా ఎక్కువ. ఏం పోయింది, ఏం మిగిలింది? బడి నుంచి రాగానే పలక పట్టుకుని ఎదురుగా కూర్చునేదాన్ని. పదిహేడో ఎక్కం గడగడా అప్పజెప్పాడు. నయాపైసా చూపిస్తే, "ఇదేం బిళ్ళమ్మా?" అని తిప్పి తిప్పి చూశాడు. కొత్త కాపు దిగాక, కళ్ళు మూయించి ముక్కు దగ్గర కాయ పెడితే చిన్నరసమో పెద్దరసమో చెప్పి, ఇంకో రెండ్రోజులు మాగాలని కూడా చెప్పేవాడు. పొద్దున ఏం తిన్నాడో మాత్రం ఒకనాడు చెబితే ఒకనాడు చెప్పలేడు. మామిడికాయకున్న చోటు కన్నకూతురికి లేదా అని ఉక్రోషం వచ్చేది. మర్నాటికి మళ్ళీ కొత్త ప్రశ్న తయారు.

వేసవికి మా పాత ఆవకాయ అడుగంటింది. ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా మావైపు ఆవకాయ పెట్టరు, చుట్టాలే తెచ్చిస్తారు. జి. కొండూరు నుంచి మేనత్త జాడీ పంపింది. అన్నీ దాచిన పెద్దవాళ్ళకు ఈ సంగతి తట్టలేదు. నాకూ తట్టలేదు. వడ్డించింది నేనే.

నాన్న ముక్క కొరికి నమలడం ఆపాడు. "ఇది మన కాయ కాదే."

"మీ చెల్లెలు పంపిందండీ, రుచి చూడమని" అంది అమ్మ.

"మన జాడీ ఏది?"

ఎంగిలి చేత్తోనే లేచి వంటింటి మూలకు వెళ్ళాడు. జాడీలన్నీ బోర్లించి ఉన్నాయి. పక్క గదినిండా మా తోట కాయలే.

"ఎవరు పోయారు?" అన్నాడు.

అమ్మను చూశాడు. నాన్నమ్మను చూశాడు. నన్ను దాటేసి గది నాలుగు మూలలూ వెతికాడు.

"రోజూ పడుకుందంటారు. ఒక్కనాడూ చూపించరు. చంటిది పోయిందామ్మా?" అని కూలబడి ఏడ్చాడు.

మా నాన్న నా కోసం అంతలా ఏడుస్తుంటే నాకు భయమేసింది, సిగ్గులేకుండా సంతోషమూ వేసింది. కారం అంటని చెయ్యి లాక్కుని నా గడ్డానికి ఆనించుకున్నాను. మూడేళ్ళప్పుడు కాయ తొడిమ కొరికితే సొన చింది పొక్కిన మచ్చ అక్కడుంది. అన్ని పరీక్షలు పెట్టానే గాని ఇది అప్పటిదాకా గుర్తు రాలేదు.

"నువ్వు వద్దంటున్నా కొరికాను కదా నాన్నా."

వేలితో తడిమి తడిమి చూశాడు. "సొన మచ్చ" అన్నాడు. "ఇంతైపోయావా చంటీ?"

ఒళ్ళోకి లాక్కున్నాడు. కాసేపటికి నా తల మీంచే జాడీల వైపు చూశాడు.

"మరి అన్నయ్యేడే?"

తోటకెళ్ళాడని చెప్పమన్నట్టు నాన్నమ్మ కళ్ళతోనే సైగ చేసింది. కానీ ఇన్నాళ్ళకు నన్ను నన్నుగా చూసి నాన్న అడిగిన మాట అది. అబద్ధం నోటికి రాలేదు.

"వాగులో పోయాడు నాన్నా" అన్నాను.

నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. సాయంత్రందాకా, వదలమంటే వదల్లేదు.