సమాధి వైపు చాచిన వేలు

రవెలునూరు ఎవరినీ నమ్మదు. అంబుహివేలు కొండ మీద రాజుల సమాధుల ద్వారానికి తాళంచెవి ఆమె మెడలో పడి ముప్పయ్యెనిమిదేళ్లయింది. ఇన్నేళ్లలో మొక్కుకోవడానికి వచ్చినవాళ్లలో సగం మంది దొంగలేనని ఆమె లెక్క. మిగిలిన సగం ఇంకా దొరకలేదు.

అనుమానానికి కారణం లేకపోలేదు. కింది లోయలో ఈ మధ్యే రెండు ఊళ్ల సమాధులు పగలగొట్టి, ఎవరో పూర్వీకుల ఎముకలు సంచుల్లో వేసుకుపోయారు. అలాంటిది ఈ కొండ మీద జరిగితే అమ్మమ్మా, అమ్మా, తనూ మూడు తరాలుగా కాపాడుకొచ్చిన పరువు ఒక్క పూటలో మట్టిలో కలుస్తుంది. అందుకే ఎవరొచ్చినా గుమ్మంలో నిలబెట్టి సంచి విప్పిస్తుంది. పంది మాంసం తిన్నారేమోనని నోరు తెరిపించి వాసన చూస్తుంది. కుడికాలు ముందు పెట్టించి లోపలికి పంపుతుంది, వెళ్లేటప్పుడు రాజుకు వీపు చూపకుండా వెనక్కి నడిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం వేలు. సమాధిని చూపించాలంటే వేలు మడిచి మెటికతో చూపించాలి. చాచిన వేలు సమాధి వైపు వెళ్లిందా, వాళ్లు ఎవరైనా సరే, ఏడాదిపాటు లోపలికి అడుగు పెట్టకూడదు. పిల్లలని కూడా ఆమె వదల్లేదు.

వులహంత అనే అమ్మాయి మొదటి ఆదివారం వచ్చినప్పుడే రవెలునూరుకు తేడాగా అనిపించింది. వయసు ముప్పై దాటదు, మాటలు తక్కువ, పద్ధతులన్నీ మరీ సరిగ్గా ఉన్నాయి.

"ఎక్కడి నుంచి?"

"ఆవలి లోయ నుంచమ్మా."

"పొద్దున ఏం తిన్నావ్?"

"బియ్యప్పిండి రొట్టెలు, కాఫీ."

"నోరు తెరువు."

తెరిచింది. సంచిలో తేనె సీసా, కొవ్వొత్తి తప్ప ఏమీ లేదు. కానీ భుజం మీద కప్పుకున్న లంబా గుడ్డ చివర చిన్న ముడి ఉంది. లోపల ఏముందని అడిగితే "ఏం లేదమ్మా" అంటూ ఆ ముడిని చేత్తో మూసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది వ్యవహారం. రవెలునూరు ఇంకేమీ అడగలేదు గానీ, ఆ పిల్ల కొవ్వొత్తి వెలిగించి వెళ్లేదాకా పక్కనే నిలబడింది. రెండో ఆదివారమూ అంతే. పిల్ల రావడం, ముడి దాచుకోవడం, ముసలామె కళ్లలో వత్తులు వేసుకుని కూర్చోవడం, పిల్ల ఏమీ చేయకుండా వెళ్లిపోవడం.

మూడో ఆదివారం రవెలునూరు కావాలనే పక్కకు తప్పుకుంది. "నీళ్లు తెచ్చుకుంటా" అని వెళ్లినట్టే వెళ్లి, కంచె పక్క సందులోంచి తొంగి చూసింది. వులహంత సమాధి గోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లతో మట్టి తవ్వుతోంది.

రవెలునూరుకు ఒళ్లు మండిపోయింది. ఒక్క అంగలో లోపలికి దూకి, చేయి చాచి, "అక్కడే, అక్కడే తవ్వుతున్నావ్, దొంగముండా," అని వేలితో సమాధి గోడను చూపించింది.

వులహంత తలెత్తింది. ముసలామె ముఖం కేసి కాదు, ఆ వేలు కేసే చూసింది. తన చేతిని పైకెత్తి, చూపుడువేలు మెల్లగా మడిచి చూపించింది.

"అమ్మా, వేలు."

రవెలునూరు తన చేతిని తానే పరాయి మనిషి చేతిలా చూసుకుంది. వేలు ఇంకా చాచే ఉంది.

వులహంత లంబా చివర ముడి విప్పింది. ఎర్రమట్టి, చిటికెడంత. తవ్విన గుంటలో దాన్ని పోసి పైన మట్టి కప్పింది.

"నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ ఇక్కడికొచ్చిందమ్మా. నాకు ముందు పుట్టిన ఇద్దరూ పోయారు. మీరే ఏదో అనుమానపడి గుమ్మంలోంచే పంపించేశారట. గోడ బయట ఈ చిటికెడు మట్టి తీసుకుపోయింది, అడక్కుండా. నేను బతికాను. పోయిన నెల అమ్మ పోయింది. ఈ మట్టి లోపల రాజు దగ్గర చేర్చేదాకా మొక్కు తీరదని చెప్పి పోయింది."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే రానిచ్చేవాళ్లా?"

రవెలునూరు ఆ తల్లి ముఖం గుర్తు తెచ్చుకుందామని చూసింది, రాలేదు. తిప్పి పంపినవాళ్లు ఎంతమందో.

"నేను ఏమీ చూడలేదమ్మా," అంది వులహంత లేస్తూ. "మీరూ ఏమీ చూడలేదు." వెనక్కి వెనక్కి నడిచి, గుమ్మం దాటి వెళ్లిపోయింది.

మంచి మాటే. కానీ రవెలునూరుకు మింగుడుపడలేదు. ఒకరి నోట్లో తన రహస్యం ఉండగా నిద్రపట్టే మనిషి కాదామె. ఆ పిల్ల ఎవరికీ చెప్పదని తెలుసు. తెలిసినా, ఇంత వయసొచ్చాక నమ్మడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మధ్యాహ్నం కొండ దిగి ఊరి పెద్ద రైనిజాఫి వాకిట్లో తాళంచెవి పెట్టింది.

"వేలు చాచాను."

"ఎవరైనా చూశారా?"

"చూసినవాళ్లు చూడలేదన్నారు."

"మరింకేం. తీసుకుపో."

"పిల్లల్ని ఏడాది బయట నిలబెట్టాను," అంది రవెలునూరు. "నన్ను నిలబెట్టడానికి నీకు భయమా?"

తాళంచెవి ఆమె మేనకోడలు మియూరకు వెళ్లింది. మేనకోడళ్లు నలుగురిలో ఆ పిల్లకే పని నేర్పింది రవెలునూరు. నేర్పేటప్పుడు ఆమెను కూడా పెద్దగా నమ్మలేదు.

మరుసటి ఆదివారం రవెలునూరు లోపలికి వెళ్లలేదు, వెళ్లకూడదు. గుమ్మం దగ్గరైనా తేనె పోసి క్షమాపణ అడుగుదామని సీసా సంచిలో పెట్టుకుని, గుమ్మం ముందు జనంతోపాటు వరుసలో నిలబడింది. తన వంతు వచ్చింది.

"అత్తా, సంచి విప్పు," అంది మియూర.

"తేనె ఉంది, అంతే."

"విప్పమన్నాగా."

విప్పింది. మియూర సీసా మూత తీసి వాసన చూసింది, లంబా చివరలు తడిమి చూసింది, కళ్లలోకి సూటిగా చూసింది.

"పొద్దున ఏం తిన్నావ్?"

వెనక జనం నవ్వు ఆపుకుంటున్నారు. ముప్పయ్యెనిమిదేళ్లలో రవెలునూరు ఈ ప్రశ్న ఎంతమందిని అడిగిందో, వినేవాళ్లకు ఎలా ఉంటుందో ఒక్కసారైనా అనుకోలేదు.

నోరు తెరిచింది.