పిన్ని కోడి గుడ్లు

పాడైన ఫ్రిజ్జులు బాగుచేసుకు బతికే మెకానిక్కుకు, తన దుకాణంలో మూలనపడ్డ డొక్కు ఫ్రిజ్జును చూడగానే ఒక బుద్ధి పుట్టింది. చల్లబరిచే పెట్టెను వెచ్చబరిచే పెట్టెగా మార్చి, కోడి లేకుండానే గుడ్లు పొదిగిస్తానని వీధంతా డప్పు కొట్టుకున్నాడు. లోపల రెండు బల్బులు, వేడి మితిమీరితే వాటిని ఆర్పేసే థర్మోస్టాట్, తేమ కోసం గిన్నెలో నీళ్లు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి, గుడ్లు తప్ప. అంగట్లో కొన్నవి పుంజు ఎరగని గుడ్లు. బల్బులు కాదు, సూర్యుణ్ణే తెచ్చి లోపల పెట్టినా అవి పిల్లలు కావు. వీధి వీధంతా నవ్వాక గానీ ఆ సంగతి అతనికి తెలిసిరాలేదు.

పక్కింట్లో ఉండే పిన్ని కోడి అప్పుడే పొదగడానికి కూర్చుంది. అది మేతకు దిగిన అదను చూసి, పిన్ని వంటింట్లో ఉండగా, గంపలోని గుడ్లు ఎత్తుకొచ్చి వాటి చోట అంగడి గుడ్లు పెట్టేశాడు. పిన్నికి చూపు అంతంతమాత్రం. కోడి తిరిగొచ్చి, రెక్కలు సర్దుకుని, ఏ అనుమానమూ లేకుండా కూర్చుంది.

ఇక అతనికి తిన్నది ఒంటబట్టలేదు. గుడ్లు అటూ ఇటూ తిప్పడానికి పెట్టెలో చెయ్యి పెట్టినప్పుడల్లా గోడ అవతల పిన్ని గొంతు వినిపించేది. "రెండు గింజలు తినవే తల్లీ. ఇలా చిక్కిపోతే రేపు పిల్లల్ని ఎవరు సాకుతారు?"

చివరికి పెట్టెలో పెంకులు చిట్లాయి. తడితడి పిల్లలు కిచకిచలాడుతూ బయటపడ్డాయి. నవ్విన నోళ్లే మెచ్చుకుంటుంటే మెకానిక్కు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. పిన్ని కూడా చూడ్డానికొచ్చింది.

"నీ చెయ్యి మంచిదిరా. నా కోడే అచ్చిరాలేదు. గుడ్లన్నీ మురగబెట్టింది, గంప దగ్గర ఒకటే కంపు. రేపు కోసేస్తాను దాన్ని."

అతను వెంటనే పిల్లల్ని తువ్వాల్లో వేసుకుని వెళ్లి గంప ముందు వదిలాడు. కోడి గొంతులోనే చిన్నగా పిలిచింది. పిల్లలన్నీ బిలబిలమంటూ దాని రెక్కల కింద దూరాయి.

"ఎంత పిచ్చి ముండరా ఇది!" పిన్ని నవ్వింది. "నీ పిల్లల్ని తనవే అనుకుంటోంది."

"దానివే పిన్నీ," అన్నాడతను. "నేనే మార్చేశాను. ఆ కుళ్లిపోయిన గుడ్లు నావి."

పిన్ని నవ్వు ఆగిపోయింది.

"అడిగితే ఇవ్వననుకున్నావట్రా?" అంది.