సికింద్రాబాద్ చర్చి గంట

ఇంగ్లండ్‌లో, కోవెంట్రీలో పనిచేస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం నార్తాంప్టన్ రైలెక్కాను. దారిలో పొలాల మధ్య అది ఆగిపోయింది. నా ఎదురుగా ముసలి దంపతులిద్దరు కూర్చున్నారు. ఆవిడ ఇంగ్లిష్ మనిషి. ఆయన మాత్రం కుదురుగా ఉండలేకపోతున్నాడు. లేచి తలుపు దాకా వెళ్లడం, ఆవిడ వెనక్కి తీసుకురావడం, మళ్లీ లేవడం. చివరికి తలుపు బాదుతూ అరిచాడు.

"టైమైంది. గంట కొట్టాలె. అందరొస్తున్నరు!"

తెలుగు విని నేను ఉలిక్కిపడి లేచాను.

"ఏ గంట అంకుల్?"

"చర్చి గంట. పైకెక్కాలె. తలుపు తియ్యి బిడ్డా."

"ఆయన మాటలు నీకు అర్థమవుతున్నాయా?" అని ఆవిడ ఇంగ్లిష్‌లో ఆత్రంగా అడిగింది. ఆయన పుట్టింది సికింద్రాబాద్‌లోనట. తెల్లదొరలు కట్టించిన చర్చిలో కుర్రతనంలో గంట కొట్టేవాడట. మతిమరుపు ముదిరి ఇంగ్లిష్ పోయింది. ఆవిడకు రాని ఈ భాషే మిగిలింది.

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. "గంట కొట్టేశారు అంకుల్. మీరే కొట్టారు. నేను కింద నిలబడి విన్నాను."

"ఊరంతా ఇనపడ్డదా?"

"వినపడింది."

ఆయన వచ్చి కూర్చున్నాడు. రైలు కదిలింది. నేనేం చెప్పానో తెలుసుకుని, ఆ మాట తనకూ నేర్పమంది ఆవిడ. నార్తాంప్టన్ దాకా నేర్పాను.

నేను దిగుతుంటే ఆయన మళ్లీ లేచాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, "గాంటా కొటేషారు," అంది.

ఆయన ఆగి ఆవిడ మొహంలోకి చూశాడు. "నీకు తెలుగెప్పుడొచ్చింది?" అన్నాడు.

ఏమన్నాడో చెప్పమన్నట్టు ఆవిడ నా వైపు తిరిగింది. అప్పటికే నేను ప్లాట్‌ఫాం మీదున్నాను. తలుపులు మూసుకున్నాయి.