పడావు అని రాసిన నక్షా

1948లో నేను సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసేవాణ్ణి. సర్వేయర్ పొలంలో చెయిన్ పట్టి కొలిచి, ఫీల్డ్ బుక్‌లో రాసుకొచ్చిన కొలతలను స్కేలు ప్రకారం నక్షాగా గీయడం డ్రాఫ్ట్స్‌మన్ పని. ఇళ్ళ స్థలాలు, అన్నదమ్ముల పంపకాలు, గట్టు తగాదాలు ఎక్కువగా వచ్చేవి. ఇల్లు చిలకలగూడలో. ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు మా తమ్ముడు టైఫాయిడ్‌తో పోయాడు. నేను ఆఫీసుకు వెళ్ళడం మానలేదు. చెయ్యి గీతలు గీస్తూ ఉండేది, మనసు మాత్రం ఒకచోట నిలిచేది కాదు. కుర్చీలోంచి ఊరికే లేచేవాణ్ణి, మళ్ళీ కూర్చునేవాణ్ణి.

ఆ రోజుల్లోనే శామీర్‌పేట అవతల భూములున్న ఒక దొర మా దగ్గరికి వచ్చాడు. సేద్యం అంతగా గిట్టని ఒక పెద్ద చెలకను, అంటే మెట్ట నేలను, దుప్పులు తమంతట వచ్చి నిలిచే చోటుగా మార్చాలని ఆయన కోరిక. చలికాలానికి స్నేహితులను పిలిచి అక్కడ షికారు చేయించాలనుకున్నాడు.

"అడవిల మూడు దినాలు తిరిగినా ఒక్కటి కనవడది. అవే నా పొలానికి రావాలె. గట్ల నక్షా గీయుండ్రి," అన్నాడు.

ఎక్కడ ఏం వేస్తే దుప్పి వస్తుందో నాకేం తెలుసు? దొర దగ్గర షికారీ ఖాసిం ఉన్నాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. చదువు రాదు కానీ ఆ నేలమీద పడిన ప్రతి అడుగునూ చదివేవాడు. ఒక రోజంతా అతని వెనక పొలం తిరిగాను. నేను ఉలవ చల్లే మడులు గుర్తు పెట్టుకుంటుంటే అతను నవ్వాడు.

"మేతేస్తె వస్తదనుకుంటున్నవా పంతులూ? అది బర్రె కాదు. దుప్పికి ఆకలి కన్న భయం జాస్తి. ముందుగాల దాగనీకి జాగ ఇయ్యాలె."

"మరి నీళ్ళు?"

"నీళ్ళు కావాలె, ఉప్పు సుత కావాలె. గని పొద కాడికెళ్ళి నీళ్ళ దాక తలకాయ కనవడకుంట పోవాలె. నువ్వు గా పరికి పొదలు గిట్ల కొట్టేయిస్తె, నీ కాయితం మీదనే దుప్పులు తిరుగుతయి, పొలంల కాదు."

అతను చెప్పినట్టే గీశాను. మూడు చోట్ల దున్నకుండా గడ్డి పెరగనివ్వాలి. వాటి అంచున తంగేడు, పరికి పొదలను కదిలించకూడదు. దీన్ని షికారు వాళ్ళు కవర్ అంటారు, జంతువు దాగే చోటు. కుంట పూడిక తీయాలి. రెండు చోట్ల మట్టిలో ఉప్పు కలపాలి. గాలి వాటం చూసి ఒక మంచె కట్టాలి.

అప్పుడు సర్కారు దఫ్తరు భాష ఉర్దూ. పని చేయించే మేస్త్రీకి ఆ లిపే వచ్చు. అందుకని పేర్లన్నీ ఉర్దూలో రాశాను. బీడుకు దఫ్తరులో వేరే ఫార్సీ మాట ఉంది. అది మేస్త్రీకి అర్థం కాదని, ఊళ్ళో అందరూ అనే మాటే రాశాను: పడావు ఒకటి, పడావు రెండు, పడావు మూడు. కవర్ అన్న చోట 'ఛుప్‌నే కీ జగహ్' అని రాశాను, అంటే దాక్కునే చోటు. తర్వాత పానీ, నమక్, మచాన్. నక్షా కింది మూలలో అది ఎవరిదో, దేనికోసమో రాసే గడిని టైటిల్ బ్లాక్ అంటారు. దాన్ని చివర రాయడం మా అలవాటు. దొర తొందరపడి ముందే పట్టుకుపోయాడు. గడి ఖాళీగా ఉండిపోయింది. మామూలుగా అయితే వెనక్కి తెప్పించి రాసేవాణ్ణి. ఆ నెలల్లో నాకు అది గుర్తు కూడా రాలేదు.

సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. వారం తిరగకుండా రాజ్యం మారింది. సికింద్రాబాద్ వీధుల్లో ఫౌజు లారీలు తిరుగుతున్నాయి. ఎవరి ఇంట్లో ఎవరు దాగారన్నదే అందరి నోటా మాట. ఆ మరుసటి వారం, ఒక మంగళవారం సాయంత్రం ఖాసిం భార్య హుస్సేన్‌బీ మా ఇంటికి వచ్చింది. పొలం నుంచి నడిచి వచ్చిందట.

"నిన్న ఆయనను ఫౌజోళ్ళు పట్టుకపోయిండ్రు పంతులూ. భుజం మీద ఉప్పు మూట, అంగీల దొర ఇచ్చిన మీ నక్షా. గది దుష్మన్‌లు దాగే జాగల నక్షా అంటున్నరు. దొరనడిగితె, ఖాసిం ఎవరో తెల్వదన్నడు. మీరు జెర వచ్చి చెప్పుండ్రి."

"చూస్తాను," అన్నాను.

ఆమె వెళ్ళాక లోపలికి వెళ్ళాను. బయటికి వచ్చాను. అలాంటి నక్షా చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. గీసింది నేనేనని చెబితే నన్నూ పట్టుకుపోతారు. లోపల అమ్మ ఉంది, ఒక కొడుకును పోగొట్టుకొని నాలుగు నెలలు కాలేదు. బుధవారం ఆఫీసుకు వెళ్ళి ఒక ఇంటి ప్లాను గీశాను. రెండుసార్లు స్కేలు తప్పాను. గురువారం పొద్దున చొక్కా వేసుకొని అమ్మకు చెప్పకుండా బయల్దేరాను.

ఖాసింను ఉంచిన ఫౌజు క్యాంపులో విచారణ చేస్తున్న ఆఫీసరు ఉత్తరాది మనిషి. బల్లమీద నా నక్షా పరిచి ఉంది. హిందుస్తానీలో అడిగాడు.

"దీన్ని నువ్వే గీశావా? నాలుగు రోజులుగా ఆ ఖాసింను అడుగుతున్నాం. దారిలో దొరికిందంటాడు, గీసిందెవరో తెలియదంటాడు. సరే, పడావ్ అంటే ఏమిటి?"

"దున్నకుండా వదిలేసిన భూమి."

"పడావ్ అంటే ఫౌజు దిగే చోటు. నా భాష నాకు నేర్పుతావా?"

నేను రాసిన మాటకు వాళ్ళ వైపు ఉన్న అర్థం నాకు అప్పుడు వెలిగింది. ఆ కళ్ళతో చూస్తే నా నక్షాలో మూడు మకాములు, దాక్కునే చోట్లు, నీళ్ళు, ఉప్పు, కాపలాకు మంచె ఉన్నాయి.

"మా ఊళ్ళలో బీడునే పడావు అంటారు సాబ్. ఇది దుప్పుల కోసం గీసింది. దాక్కునేది కూడా దుప్పులే."

పక్కనున్న జవాను నవ్వాడు. "నక్షా చూసుకొని వస్తాయా దుప్పులు?"

"ఒకసారి వచ్చి పొలం చూడండి," అన్నాను.

ఆఫీసరు నక్షా మడిచి లేచాడు. ఖాసింను జీపు వెనక కూర్చోబెట్టారు. గడ్డం మాసింది, పెదవి పగిలింది. నన్ను చూసి తల తిప్పుకున్నాడు, పరిచయం లేనట్టు.

పొలంలో ఒక్క దుప్పి కనిపించలేదు. ఉన్నవి కూడా జీపు చప్పుడుకే పోయి ఉంటాయి. పడావు ఒకటిలో గడ్డి, పడావు రెండులో గడ్డి. మనుషులు దిగిన జాడ లేదు, పొయ్యి లేదు, బూడిద లేదు. అయినా ఆఫీసరు ముఖం మారలేదు. అప్పుడు ఖాసిం ఉప్పు వేసిన చోటికి నడిచి గొంతుక్కూర్చున్నాడు.

"గిటు చూడుండ్రి సాబ్. గిది పొద్దుగాల వచ్చింది, పిల్లతోని. గీ పెద్ద గిట్ట తల్లిది, గీ చిన్నది పిల్లది. భయపడి దూకింది గీడ."

అతని మాటలను నేను హిందుస్తానీలో చెప్పాను. ఉప్పు మట్టి నాకి నాకి గిన్నెలా గుంటపడింది. తడి మట్టిమీద నాలుకల గీతలు ఇంకా ఆరలేదు. ఆఫీసరు వంగి ఆ గీతలమీద వేలు ఆనించాడు.

"మా ఇంటి దగ్గర గేదెలు ఇట్లాగే చేస్తాయి," అన్నాడు. లేచి వేలు రుమాలుకు తుడుచుకున్నాడు. "వీణ్ణి వదిలేయండి. నువ్వు ఈ కాగితం మీద ఇది దేనికో రాసి, కింద సంతకం పెట్టు."

జీపు బానెట్ మీద పెట్టుకొని టైటిల్ రాశాను. అక్షరాలు వంకరపోయాయి.

ఖాసిం నన్ను ఇంటికి తీసుకువెళ్ళాడు. హుస్సేన్‌బీ చాయ్ ఇచ్చింది.

"నా పేరు ఎందుకు చెప్పలేదు ఖాసిం భాయ్? మొదటి రోజే చెప్తే మొదటి రోజే బయటపడేవాడివి," అన్నాను.

"గట్ల బయట పడ్తనని నాకేం ఎర్క? మీ ఇంట్ల మొన్ననే తమ్ముడు పాయె. మీ అమ్మ కాడికెళ్ళి ఇంకొకన్ని తోలుకపోతె ఎట్ల?" గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు సుత తక్కువోనివి కావు. ఖబర్ తెల్వంగనే ఉరికొస్తివి. నిన్న సాయంత్రం చెప్పిన్నన్నది హుస్సేన్‌బీ, పొద్దుగాల్లనే వస్తివి."

ఆమె వచ్చింది మంగళవారం, ఇది గురువారం. నేను ఆమె వైపు చూశాను.

"చాయ్ సల్లారుతది. తాగుండ్రి పంతులూ," అంది ఆమె.

తాగాను.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు నక్షాలు గీశాను. ఒక మాట రాసేముందు దాన్ని ఎవరెవరు చదువుతారో ఆలోచించడం ఆ కేసు నేర్పింది. ఈ వృత్తిలోకి వచ్చిన కుర్రవాళ్ళకు అదే చెప్పేవాణ్ణి, పడావు సంగతి చెబితే నవ్వేవాళ్ళు. వాళ్ళకు చెప్పనిది ఒకటుంది. ఖాసిం మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చాడు. అమ్మ పోయినప్పుడు నాతో పాటు శ్మశానం దాకా నడిచాడు. వచ్చిన ప్రతిసారీ, మధ్యలో పోయిన ఆ బుధవారం గురించి చెప్పేద్దామనుకున్నాను. పోయిన ఏడు ఆయన చనిపోయాడు. చెప్పలేదు.