ఆమె చెయ్యి పడిన పేజీలు

కంప్యూటర్ చెప్పే మాట నేను మొదట్నుంచీ నమ్మేవాణ్ణి కాదు. అందులో నా తప్పేమీ లేదు. రెండువందల పద్నాలుగో లైన్లో తప్పుందనేది. తీరా చూస్తే ఫైల్లో ఉన్నవే నూట తొంభై లైన్లు. పొద్దున పనిచేసిన పేజీ మధ్యాహ్నానికి మొరాయించేది. మధ్యలో నేను పులిహోర తినడం తప్ప లోకంలో మార్పేమీ జరిగుండేది కాదు. ఒక బ్రౌజర్లో చీర ఫొటో, పక్కనే దాని వివరాలు బుద్ధిగా కూర్చునేవి. ఇంకో బ్రౌజర్లో అవే వివరాలు జారిపోయి పేజీ అడుగున తేలేవి. ఫైలు మార్చి తెరిస్తే పాతదే కనబడేది. అది నిజంగా పాతదా, బ్రౌజర్ తన దగ్గర దాచుకున్నది చూపిస్తోందా అని తేల్చుకోవడానికి, పేజీ నెత్తిన ఎర్రక్షరాలతో "ఇది కొత్తది" అని రాసి చూసుకునేవాణ్ణి. ఓసారి తీసెయ్యడం మర్చిపోతే, ఆ సైటు చేయించుకుంటున్న చీరల వ్యాపారి అది తన సరుకు గురించే అనుకుని తెగ సంబరపడ్డాడు.

ఇదంతా రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, రాజమండ్రిలో. మందుల షాపు పైన రెండు గదుల ఆఫీసు మాది: ముందు గదిలో కంప్యూటర్ మీద టైపింగ్ నేర్పడం, లోపలి గదిలో మా పని. యజమానిది మండపేట, రైస్ మిల్లు కుటుంబం. కంప్యూటర్ గురించి ఆయనకేమీ తెలియదు గానీ, ముందుముందు అంతా అదేనని ఎవరో చెబితే నమ్మి పెట్టాడు. ఉప్పాడ చీరలమ్మే ఆ వ్యాపారికి వెబ్‌సైటు చెయ్యడమే మాకు దొరికిన మొదటి పెద్ద పని. చేసేవాళ్ళం ఇద్దరం: నేను, తణుకు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి. ఆమె నాకన్నా రెండేళ్ళు చిన్న, పనిలో నాకన్నా నెమ్మది, నాకన్నా శుభ్రం. బ్రిడ్జి మీద బస్సు ఆగిపోయి ఆలస్యమైతే, ఎవరూ అడక్కుండానే ఆ రోజు భోజనం పదినిమిషాల్లో ముగించి పనిలో కూర్చునేది.

ఎవరి కంప్యూటర్లో వాళ్ళం పేజీలు రాసుకుని, సాయంత్రం వాటిని మూలనున్న పెద్ద కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళం. దానికో చిన్న ప్రోగ్రాం ఉండేది. ఒకే ఫైలు రెండుచోట్ల ఉంటే, ఏది కొత్తదో చూసి దాన్ని ఉంచి, పాతదాన్ని చెరిపేసేది. అంతకుమించి దానికి తెలివి లేదు.

పని మొదలెట్టిన నాలుగో రోజు పొద్దున వచ్చి చూస్తే, ముందురోజు నేను చేసిన మార్పులు లేవు. మళ్ళీ చేశాను. మర్నాటికి మళ్ళీ లేవు. మొదట ఆ ప్రోగ్రాంనే అనుమానించాను. తీసేసి మళ్ళీ వేశాను. తర్వాత వైరస్‌ని, ఆ తర్వాత కరెంటుని తిట్టుకున్నాను. చివరికి కూర్చుని, పోయినవేమిటో, ఉన్నవేమిటో కాగితం మీద రాసుకున్నాను. నేనొక్కణ్ణే ముట్టిన పేజీలు భద్రంగా ఉన్నాయి. ఆమె చెయ్యి పడిన పేజీల్లోనే నా పని పోతోంది, ఆమె పని మాత్రం చెక్కుచెదరడం లేదు.

ఇంకేముంది, నా బుర్ర ఆ దారిన పడింది. ఆమె నాకన్నా ముందెందుకొస్తోంది? నేను టీకి వెళ్తే తనెందుకు రాదు? తెర మీద ఏదో చూసుకుని నవ్వుకుంటే నన్ను చూసే నవ్వుతోందనిపించేది. నేను లేచినప్పుడల్లా కీబోర్డు మీద పెన్ను అడ్డంగా పెట్టి వెళ్ళి, వచ్చాక అది కదిలిందా అని చూసేవాణ్ణి. అది ఎప్పుడూ కదల్లేదు. ఎంత జాగ్రత్తగా ఉందో చూడు అనుకున్నాను.

వారం తిరిగేసరికి యజమాని దగ్గరకెళ్ళి చెప్పేశాను. "నా పని ఎవరో కావాలని చెరిపేస్తున్నారండి. మేమున్నదే ఇద్దరం."

ఆయన ఇబ్బంది పడ్డాడు. "ఆడపిల్ల మీద ఊరికే అనకూడదయ్యా. ఏదైనా కాగితం మీద చూపించు," అన్నాడు. అంటూనే ఆమెని పిలిచి, "నాలుగు రోజులు ఆ చీరల పని ముట్టుకోకమ్మా, ముందు గదిలో టైపింగ్ నేర్చుకునేవాళ్ళని చూసుకో," అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆమె ఒక్కసారి నా వైపు చూసి, తన డబ్బా, గొడుగు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కూడా నా మార్పులు పోతూనే ఉన్నాయి. ఆమె కాదేమోనని ఒక్క క్షణమైనా అనుకోవాలి కదా? అనుకోలేదు. కక్ష కట్టి ఆ గదిలోంచే చేస్తోందనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం, అప్పుడే నాలుగు పేజీలు మార్చి, ఆ ఫైళ్ళ జాబితా ప్రింటు తీసి యజమాని బల్ల మీద పెట్టాను. ఆమెనీ పిలిపించాను. "ఇదిగోండి, ఇవాళ నేను మార్చినవి. రేపు పొద్దున ఇవి ఉంటే నన్నడగండి."

మిల్లులో లారీ చీటీ చేతికొస్తే ముందు తారీఖు చూడటం ఆయనకి చిన్ననాటి అలవాటు. కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఏమయ్యా, ఇవాళ చేశానంటావు, పదిరోజుల కిందటి తారీఖుందేంటి?" అన్నాడు.

కాగితం ఆమె అందుకుంది. "మీ కంప్యూటర్లో తారీఖొకసారి చూడండి," అంది మెల్లగా.

తెర మూల గడియారం గంటలూ నిమిషాలూ సరిగ్గానే చూపిస్తోంది. బాణం దాని మీద పెడితే తారీఖు వచ్చింది. పది రోజులు వెనక.

అప్పుడు గుర్తొచ్చింది. కంప్యూటర్లు వచ్చేసరికి ఆలస్యమై, పని మొదలెట్టే రోజుకి మూఢం పడింది. మూఢంలో కొత్తపనేంటని యజమాని కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, "కంప్యూటర్లో తారీఖు వెనక్కి జరపొచ్చంట కదా?" అని నన్నడిగాడు. నా కంప్యూటర్లో జరిపింది నేనే. పురోహితుడు అంతకుముందు పెట్టిన ముహూర్తం రోజుకి తిప్పి, కీబోర్డుకి పసుపు బొట్టుపెట్టి, మొదటి ఫోల్డరు తెరిచాను. కొబ్బరికాయ కొట్టాక సరిచేద్దామనుకుని, కొబ్బరిముక్కలు నములుతూ మర్చిపోయాను. అప్పట్నుంచి నేను ఇవాళ చేసిన పని ఆ ప్రోగ్రాం కంటికి ఆమె నిన్న చేసినదానికన్నా పాతది. దానికి చెప్పిన పని అది నమ్మకంగా చేసింది.

"అయితే ఇదంతా మన ముహూర్తం మహిమన్నమాట!" అని యజమాని పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

"క్షమించండి," అన్నాను.

"ఎర్రర్ వస్తే గంటలకొద్దీ కూర్చుని చదువుతారు కదండీ," అంది. "నన్ను ఒక్క మాట అడగలేకపోయారా?"

మర్నాడు తన కుర్చీలోకి వచ్చేసింది. ఆ సాయంత్రం వెళ్ళేముందు ఓ తెల్లకాగితం నా ముందు పెట్టింది. ఆ రోజు తను మార్చిన ఫైళ్ళ పేర్లు, తారీఖు, టైము. "చూసి సంతకం పెట్టండి," అంది. కోపం వారంలో తగ్గిపోతుందిలే అనుకున్నాను. వారం కాదు, రెండు నెలలు గడిచాయి. సైటు తెరుచుకుంది, చీరలాయన కాజాలు తెచ్చాడు, అందరం కూర్చుని తిన్నాం. మామూలుగానే మాట్లాడేది. పేజీ ఎక్కడైనా జారిపోతే వచ్చి సాయం కూడా చేసేది. సాయంత్రం అయిదున్నరకి మాత్రం కాగితం వచ్చేది. అక్కర్లేదని నేనెప్పుడూ అనలేకపోయాను.

తణుకులోనే ఓ కాలేజీలో ఉద్యోగం దొరికి మానేసింది. ఆఖరి రోజు కూడా కాగితం తెచ్చింది.

"ఇవాళ కూడా దేనికండి? రేపట్నుంచి మీరు రారు కదా," అన్నాను.

"రాను కాబట్టేనండి," అని పెన్ను మూత తీసి నా ముందు పెట్టింది.