పై గడిలో ముద్ర

హవల్దారు నరసింగరావు సైన్యంలో ఇరవై నాలుగేళ్లు ఉన్నాడు. అందులో పద్దెనిమిదేళ్లు జవాన్లకు లెక్కలు, హిందీ చెప్పాడు. తుపాకీ కన్నా సుద్దముక్క పట్టుకున్న రోజులే ఎక్కువని ఆయనే ఒప్పుకుంటాడు. తిరిగొచ్చాక చీపురుపల్లిలో ఒక ప్రైవేటు బడిలో మరో పదిహేనేళ్లు లెక్కలు చెప్పాడు. ఊళ్లో అందరికీ ఆయన మిలట్రీ మాస్టారు. పెళ్లి భోజనాల్లో బంతి వంకరగా ఉంటే అందరినీ లేపి సరిగ్గా కూర్చోబెడతాడు. బస్సు ఆలస్యమైతే కండక్టరుకు తన చేతి గడియారం చూపిస్తాడు.

2013లో సర్పంచి పదవికి నిలబడి తొమ్మిది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. చెల్లని ఓట్లు నలభై మూడు. అవన్నీ చివరి వీధివేనని ఆయన నమ్మకం. ఆ వీధికి కొళాయి లేదు. గొట్టం వేయిస్తానని మాటిచ్చింది ఆయనొక్కడే కాబట్టి అక్కడివాళ్లు ఆయనకే ఓటు వేశారు. కాకపోతే ముద్ర గీత మీద పడింది, మడతలో సిరా పక్క గుర్తుకు అంటుకుంది. ఒకావిడైతే కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చింది.

2021లో మళ్లీ నామినేషను వేస్తానంటే భార్య ఈశ్వరి షరతు పెట్టింది.

"ఇదే ఆఖరు బావా. ఈసారి ఓడిపోతే మరి ఆ మాట ఎత్తకూడదు. ఇంటింటికీ తిరిగి దండాలెట్టడానికి నా మోకాళ్లు సాలవు."

"ఈసారి చెల్లని ఓటు ఒక్కటీ ఉండదు" అన్నాడు నరసింగరావు. అదే జవాబన్నట్టు లేచి వెళ్లి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

పోటీ ఇద్దరి మధ్యే. రెండో అభ్యర్థి ఎరువుల కొట్టు జగన్నాధం, చిన్నప్పుడు మాస్టారితో ఒకే బల్ల మీద కూర్చున్నవాడు. అక్షర క్రమంలో ముందున్నాడు కాబట్టి బ్యాలెట్ కాగితం మీద పై గడి, ఉంగరం గుర్తు జగన్నాధానికి వచ్చాయి. రెండో గడి, కత్తెర నరసింగరావువి. అడుగున నోటా.

ఈశ్వరి తమ్ముడు మురళీమోహన్ ఆటోకి మైకు కట్టించి ఊరంతా తిప్పాడు. మాస్టారు మాత్రం చివరి వీధిలో కూర్మమ్మ అరుగు మీద సాయంత్రం బడి పెట్టాడు. ఇరవై ఎనిమిది మంది ఆడవాళ్లు వచ్చారు. బంగాళాదుంప కోసి స్వస్తిక్ ముద్ర చెక్కాడు. కాగితాల మీద మూడేసి గడులు గీశాడు. గుర్తులు గీయలేదు.

"అందులో కత్తెర బొమ్మ ఎయ్యు బావా. నీ సొమ్మేటి పోతాది?" అన్నాడు మురళీమోహన్.

"పాఠం వేరు, ప్రచారం వేరు."

పై గడి నడిమధ్య ముద్ర కొట్టి చూపించాడు. ముందు నిలువు మడత, తరవాత అడ్డ మడత. ఏక్, దో అని లెక్కపెడుతూ ఇరవై ఎనిమిది మంది చేతా ఒకేసారి మడత పెట్టించాడు. నాలుగో రోజు పరీక్ష. గీత తాకిన ముద్రకు రెండు మార్కులు కోత. డెబ్బై ఏళ్ల కూర్మమ్మకు పదికి పది వచ్చాయి. ఆ కాగితాన్ని ఆవిడ దేవుడి పటం పక్కన పెట్టుకుంది.

ప్రచారం గడువు ముగిసింది. మైకు విప్పించి ఇంటికి నడుస్తున్న మాస్టారికి కూర్మమ్మ ఎదురైంది. మాస్కు గడ్డం కిందికి లాక్కుంది.

"నీకేటీ బెంగొద్దు బాబూ. మా ఈదంతా నీకే. నువ్వు నేర్పినట్టే పైగడిలో నడిమన గుద్దేసి, రెండు మడతలేసి, పెట్లో ఏసేస్తాం."

నరసింగరావు నోరు తెరిచాడు. గడియారం చూసుకున్నాడు. గడువు దాటి ఇరవై నిమిషాలైంది. నోరు మూసుకున్నాడు.

"ఏటి బాబూ, నడిమన కాదేటి?"

"నడిమనే" అని గబగబా ఇంటికి వచ్చేశాడు.

సంగతి విని మురళీమోహన్ తల పట్టుకున్నాడు. ఈశ్వరి చేటలో బియ్యం పక్కన పెట్టింది.

"ఎల్లి సెప్పెయ్యి, రెండో గడని."

"గడువు అయిపోయింది."

"సరిహద్దులో శత్రువు ఎదురొస్తే కూడా టైము సూసుకునే కాల్సీవోడివేటి?"

"రూలు రూలే ఈశ్వరీ."

"నీకు రూలు. నేను పోటీలో లేను కదా" అని ఆవిడ పెరుగు తోడు అడిగే వంకతో గిన్నె పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లింది. గంట తరవాత గిన్నె నిండా తోడుతో తిరిగి వచ్చింది, మొహం మాత్రం మాడ్చుకుంది.

"ఒక్కర్తీ నమ్మలేదు. మాస్టారు ఎర్ర పెన్నుతో పదికి పది ఏసినాక నువ్వొచ్చి తప్పంటావేటే అని నన్నే తిట్టింది కూర్మమ్మ."

ఆ మాట నరసింగరావుకు గట్టిగా తగిలింది. పాఠంలో పొరపాటు ఉంటే దిద్దాల్సింది పాఠం చెప్పినవాడే. దిద్దడం ప్రచారం కాదు. మర్నాడు పొద్దున్నే అరుగు మీద మళ్లీ బడి పెట్టాడు.

ఆ దారిన మోటారు సైకిలు మీద పోతున్న జగన్నాధం ఆగాడు.

"ఒరే నరసింగా, ప్రచారమేటి?"

"రివిజను."

"అయితే నేనూ కూకుంటాను" అని జగన్నాధం చెప్పులు విప్పి ముందు వరసలో బాసింపట్టు వేశాడు.

"నేను పై గడిలో ముద్ర వేసింది మచ్చుకి మాత్రమే" అన్నాడు మాస్టారు. "ఏ గడిలో వెయ్యాలన్నది మీ ఇష్టం."



"పరీచ్చ ముందురోజు పాఠం మార్సేస్తే ఎలాగ బాబూ?" అంది కూర్మమ్మ. "పోనీ నీది ఏ గడి?"

"చెప్పకూడదు."

"నువ్వు సెప్పు జగన్నాధం బాబూ. నీది ఏ గడి?"

"నేను మాత్రం సెప్పొచ్చేటే అత్తా? రూలు రూలే" అన్నాడు జగన్నాధం సంతోషంగా.

"ఓట్లు కావాల గానీ ఇద్దరికీ నోరు పడిపోనాది!"

పోలింగు రోజు మధ్యాహ్నం తరవాత, ఓట్లు వేసిన ఊరి బడి గదిలోనే లెక్క మొదలైంది. ఉంగరం, కత్తెర పక్కపక్కనే పెరిగాయి. ఈశ్వరి గేటు బయట నిలబడి, ఓడిపోతే ఇంట్లో ఈయన్ని ఎలా భరించాలా అని ఆలోచిస్తోంది. సాయంత్రం ఆరింటికి నరసింగరావు మూడు ఓట్ల ఆధిక్యంతో గెలిచినట్టు చెప్పారు. మురళీమోహన్ ఆయన్ని ఎత్తబోయాడు. మాస్టారు అతన్ని వారించి అధికారి బల్ల దగ్గరికి వెళ్లాడు.

"చెల్లనివి ఎన్ని సార్?"

"పదకొండు."

అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. పై గడిలో ఒక ముద్ర, రెండో గడిలో ఒక ముద్ర. ఏదీ గీత తాకలేదు. మడతలు కొలిచి పెట్టినట్టున్నాయి.

"ఇరవై ఏళ్లుగా ఎన్నికల డ్యూటీ చేస్తున్నానండీ. ఇంత శుభ్రంగా చెల్లకుండా పోయిన ఓట్లు ఎక్కడా చూళ్లేదు" అన్నాడు అధికారి.

బయట చివరి వీధి ఆడవాళ్లంతా ఉన్నారు. కూర్మమ్మ ముందుకు వచ్చింది.

"పైది నీ పాఠానికి, కిందది నీకు. ఎందుకైనా మంచిదని రెండూ గుద్దేసినాం బాబూ."

 "మడత బాగా పెట్టారు" అన్నాడు నరసింగరావు.

"అది సరే. మరి కొళాయి ఎప్పుడు?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "చూడండి, ముందు పంచాయతీలో తీర్మానం చేయాలి. తీర్మానం అంటే ఏమిటంటే..."

ఆడవాళ్లు అలవాటుగా చీర కుచ్చిళ్లు సర్దుకుని నేల మీద కూర్చోబోయారు.

"పాఠం వద్దు బావా" అంది ఈశ్వరి. "తారీకు సెప్పు."

కొత్త సర్పంచి చుట్టూ చూశాడు. తరవాత వేళ్లు మడుస్తూ పెదవుల్లోనే నెలలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆడవాళ్లు నిలబడే ఉన్నారు.