తీర్పు రాయకుండానే వెళ్లిన జడ్జమ్మ

కొమరోలులో మా బోరుకు పోయే దారి మీద కేసు. ఎందరో జడ్జీలు మారాక ఈ జడ్జమ్మ వచ్చారు. సాక్షి నోరు తెరిస్తే చాలు, కలం పక్కన పెట్టి అతని ముఖంలోకి చూసేవారు. "నిదానంగా చెప్పండి పెద్దాయనా" అంటే, నలుగురిలో మాట తడబడే మా నాయన కూడా జరిగిందంతా చెప్పాడు.

వాదనలు ముగిశాయి. తీర్పు రోజున ఆ కుర్చీలో వేరే జడ్జి ఉన్నారు. ఆమెకు ప్రమోషన్ వచ్చిందట. "వాదనలు మళ్లీ వినాలి, పెద్దాయన్ని కూడా ఇంకోసారి అడగాలి" అన్నారాయన.

బయట ఆమె కారెక్కబోతూ మమ్మల్ని చూసి ఆగారు. "రాయలేకపోయాను పెద్దాయనా."

"పెద్ద జడ్జివైనావంట, సంతోషం తల్లీ" అన్నాడు నాయన.

కారు కదిలింది. నాకు ఒళ్లు మండింది. "సంతోషమేంది నాయనా?"

"ఆయమ్మకు మేలు జరిగింది, అది సంతోషమే. ఆయమ్మకు చెప్పినట్ల ఇంకొకరికి మాత్రం నేను చెప్పలేనురా" అన్నాడు.